విమానంలో నిద్ర: దిండు కన్నా గడియారమే ముఖ్యం

క్లుప్తంగా: పదహారు గంటల విమానంలో నిద్ర పట్టకపోవడానికి ఇరుకు సీటు ఒక్కటే కారణం కాదు. వరంగల్ వైపు నుంచి బయల్దేరేవారు విమానం ఎక్కేసరికే ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుని ఉంటారు. ఆ బాకీని ఏ గంటల్లో తీర్చుకున్నారన్నదాన్ని బట్టే దిగిన తర్వాతి వారం ఉంటుంది. అమెరికా వెళ్లేవారికి పెద్ద విమానంలో మొదటి ఆరు గంటలు, గల్ఫ్ వెళ్లేవారికి బయల్దేరే రోజు మధ్యాహ్నం విలువైనవి. సీటు, దిండు, తిండి, మందులు ఆ తర్వాతి సంగతులు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు, పని మీద దుబాయి, దోహా, రియాద్ వెళ్లే కార్మికులు, చదువులకు పోయే విద్యార్థులు. ఉత్తర తెలంగాణ నుంచి విదేశీ విమానం ఎక్కేవారిలో ఎక్కువ మంది ఈ మూడు వర్గాలవారే. అందరికీ విమానాశ్రయం ఒక్కటే, శంషాబాద్. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి చివర కేంద్రం అనుమతి ఇచ్చింది. అయితే దూరదేశాల విమానాలు అక్కడి నుంచి లేస్తాయని ఇప్పట్లో అనుకోవడానికి లేదు. ప్రయాణం దగ్గర పడుతుంటే అందరికీ వచ్చే సందేహాలు కూడా ఇంచుమించు ఒకటే: మెడ దిండు కొనాలా, కిటికీ సీటుకు అదనంగా డబ్బు కట్టాలా, నిద్ర మాత్ర వేసుకోవచ్చా? వీటన్నిటికీ జవాబులున్నాయి కానీ, అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎప్పుడు పడుకోవాలన్నది.

ముందు రాత్రి లెక్క

శంషాబాద్ నుంచి గల్ఫ్ నగరాల మీదుగా వెళ్లే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో లేస్తాయి. నాలుగు గంటలకు విమానం అనుకుందాం. మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడు, మూడున్నర గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికైనా ఇల్లు కదలాలి. ఆ రోజు సాయంత్రమంతా చుట్టాలు, సూట్‌కేసుల తూకాలు, పచ్చడి డబ్బాలకు టేపులు. ఉదయం ఆరింటికి లేచిన మనిషి ఆ హడావుడిలో నడుం వాల్చే ప్రశ్నే లేదు.

నాలుగు గంటల ప్రయాణం తర్వాత గల్ఫ్‌లో దిగితే మన గడియారం ప్రకారం ఉదయం ఎనిమిది. రెండు గంటలు ఆగి డల్లాస్ విమానం ఎక్కితే పది. అంటే పెద్ద ప్రయాణం మొదలయ్యేసరికే 28 గంటలుగా, మధ్యలో ఒకటీ అరా కునుకు తప్ప, మెలకువతో ఉన్నట్టు. అక్కడి నుంచి ఇంకో పదహారు గంటలు. దిగేసరికి మన లెక్కలో తెల్లవారుజాము రెండు. వేసవిలో డల్లాస్ సమయం మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి వేసవిలో అయితే అక్కడ దిగేది మధ్యాహ్నం మూడున్నరకు.

నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి బాకీ. మేల్కొని ఉన్న ప్రతి గంటా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర ఒత్తిడి పెంచుతుంది. రెండోది శరీర గడియారం. కంటికి తగిలే వెలుగును బట్టి అది పగలు, రాత్రి తేల్చుకుంటుంది. మామూలు రోజుల్లో రెండూ రాత్రి పదింటికి ఒక్కచోట కలుస్తాయి, మనిషి పడుకుంటాడు. విమానంలో అవి విడిపోతాయి. నిద్ర పట్టని తిప్పలన్నీ అక్కడే పుడతాయి.

పై ఉదాహరణలో పెద్ద విమానం లేచేటప్పుడు గడియారం ఉదయం పది అంటుంది, బాకీ మాత్రం 28 గంటలు. ఆ సమయంలో బాకీదే పైచేయి, కళ్లు మూస్తే నిద్ర పడుతుంది. మరో మూడు గంటలకు మన మధ్యాహ్నం ఒంటి గంట, అన్నం తిన్నాక కునుకు పట్టే వేళ. అది కూడా నిద్రకే సాయం చేస్తుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య, అంటే విమానం లేచిన ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య, శరీర గడియారం మనిషిని గట్టిగా మేల్కొలిపి ఉంచుతుంది. ఎంత అలసిపోయినా అప్పుడు నిద్ర రావడం కష్టం. రాత్రి పదకొండు దాటాక అసలు నిద్ర ముంచుకొస్తుంది. సరిగ్గా అప్పుడే దీపాలు వేసి రెండో భోజనం తెస్తారు, ఇంకో రెండు మూడు గంటల్లో దిగాలి.

చాలామంది చేసేది దీనికి తలకిందులు. ఎక్కగానే భోజనం కోసం ఎదురుచూస్తారు, ఒక సినిమా, ఇంకో సినిమా, పక్కవారితో ముచ్చట. ఆరేడు గంటలు గడిచాక పడుకుందామని చూస్తే గడియారం అడ్డం తిరుగుతుంది. చివరి రెండు గంటల్లో మగత. దిగాక కారులో నిద్ర, ఇంటికి పోయి ఐదింటికి మంచమెక్కడం, అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి కూర్చోవడం. దీనికి జెట్ లాగ్ అని పేరు పెట్టి ఊరుకుంటాం కానీ, అందులో సగం విమానంలో తప్పుడు గంటల్లో పడుకోవడం వల్ల వచ్చిందే.

మొదటి ఆరు గంటల్లో పడుకోవడానికి ఇంకో సమర్థన ఉంది. మన ఉదయం పది అంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి పదకొండున్నర. బాకీ చెప్పేదీ, చేరబోయే ఊరి రాత్రి చెప్పేదీ ఒకటే మాట: ఎక్కగానే పడుకో. అందుకే మధ్యలో ఆగిన విమానాశ్రయంలోనే ఇడ్లీయో అన్నమో తినేసి, పెద్ద విమానంలో మొదటి భోజనం వద్దనుకోవడం నష్టమేమీ కాదు. వదులుకోలేనివారు ప్రత్యేక శాకాహార భోజనానికి ముందే చెప్పి పెట్టుకోవచ్చు. సాధారణంగా విమానం లేవడానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ప్రత్యేక భోజనాలు అందరికన్నా ముందు వడ్డిస్తారు, అరగంట, ముప్పావు గంట కలిసొస్తుంది.

టికెట్ వేళలు వేరైతే ఈ లెక్క మారుతుంది, పద్ధతి మారదు. ఎక్కగానే చేతి గడియారాన్ని చేరే ఊరి సమయానికి తిప్పి, అక్కడి రాత్రి విమానంలో ఏ గంటల్లో పడుతుందో గుర్తించి, ఆ గంటలను పడకకు కేటాయించాలి. యూరప్ మీదుగా వెళ్లేవారికి ప్రయాణం ఇంచుమించు రెండు సమాన భాగాలవుతుంది, నిద్ర కూడా రెండు ముక్కలవుతుంది. నిద్ర వరకే చూస్తే ఒక చిన్న ప్రయాణం, ఒక పెద్ద ప్రయాణం ఉన్న టికెట్టే మేలు.

గల్ఫ్ విమానంలో పడుకునేది గంటన్నరే

జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవారిది వేరే సమస్య. దుబాయి మనకంటే గంటన్నర, దోహా, రియాద్, కువైట్ రెండున్నర గంటలు వెనక. ఆ తేడాను శరీరం ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. వేధించేది వట్టి నిద్రలేమి. నాలుగు గంటల విమానంలో ఎక్కి, లేచి, పైకి చేరి బెల్టు గుర్తు ఆరేసరికి అరగంట పైనే. బండి తెచ్చి భోజనం పెట్టి ఖాళీ పళ్లేలు తీసేసరికి గంట. దిగే ముందు అరగంట నుంచి సీటు నిటారు. మిగిలేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. భోజనం వద్దంటే ఇంకో గంట దొరుకుతుంది.

దిగిన రోజే కంపెనీ బస్సు, క్యాంపు, కాగితాలు, కొన్నిసార్లు మర్నాడే ఎండలో పని. ఆ పరిస్థితిలో విమానంలో గంట నిద్రను నమ్ముకోవడం కన్నా బయల్దేరే రోజు మధ్యాహ్నం తలుపేసుకుని రెండు మూడు గంటలు పడుకోవడం ఎన్నో రెట్లు నయం. సాగనంపడానికి వచ్చినవారికి కష్టంగా అనిపించినా సరే.

సీటు ఎక్కడ, ఎందుకు

ఎకానమీలో వరుసకూ వరుసకూ మధ్య దూరం సాధారణంగా 31 లేదా 32 అంగుళాలు. వెడల్పు 17 నుంచి 18. పెద్ద విమానాల్లో బోయింగ్ 777లో వరుసకు పది సీట్లు వేసినచోట వెడల్పు 17 అంగుళాల దగ్గరే ఆగుతుంది, ఎయిర్‌బస్ 350లో వరుసకు తొమ్మిది సీట్లకు 18 దాకా వస్తుంది. అంగుళం తేడా తక్కువే అనిపిస్తుంది కానీ, పక్కవారి భుజం తగలడమా తగలకపోవడమా అనేది ఆ అంగుళంలోనే ఉంది. సీటు వెనక్కి వాలేది నాలుగైదు అంగుళాలు. వీపు అంత నిటారుగా ఉన్నప్పుడు గాఢనిద్ర తక్కువ, తెలివి రావడాలు ఎక్కువ. అందుకే ఎకానమీ సీటులో ఎనిమిది గంటల నిద్ర కోసం ఆశపడటం వృథా. రెండు దఫాలుగా నాలుగైదు గంటలు దొరికితే గొప్ప.

కిటికీ సీటుకు గోడ ఆసరా ఉంటుంది, పక్కవారు లేవమని తట్టరు. నిద్రకు అదే మంచిది. కానీ షుగర్ ఉన్నవారు, ప్రొస్టేట్ సమస్య ఉన్న పెద్దలు, మోకాళ్ల నొప్పులవారు రెండు గంటలకోసారి లేవాల్సి ఉంటుంది. వారికి నడవ పక్క సీటు ఇప్పించడమే తెలివి. దంపతులిద్దరైతే ఒకరు కిటికీ, ఒకరు మధ్య సీటు తీసుకుంటే మూడో మనిషిని లేపడానికి మొహమాటపడి మూత్రం ఆపుకుంటూ కూర్చునేవారు చాలామంది. మధ్య సీటు, నడవ సీటు తీసుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

అత్యవసర ద్వారం పక్క వరుసలో కాళ్లకు చోటు ఎక్కువ. దాని లోపాలు మాత్రం డబ్బు కట్టాకే తెలుస్తాయి. భోజనం బల్ల చేతి ఆసరాలోనే ముడుచుకుని ఉండటం వల్ల ఆ ఆసరా పైకి లేవదు, సీటు కాస్త ఇరుకు. లేచేటప్పుడు, దిగేటప్పుడు కాళ్ల దగ్గర సంచి పెట్టనివ్వరు. వీల్‌చెయిర్ సాయం తీసుకునేవారికి అసలు ఇవ్వరు. భాష రాదని తల్లిదండ్రులకు వీల్‌చెయిర్ రాయించే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముందు గోడకు ఆనుకున్న మొదటి వరుసలో చంటిపిల్లల ఉయ్యాలలు తగిలిస్తారు. చివరి వరుస సీట్లు చాలా విమానాల్లో సరిగా వాలవు, వెనకే టాయిలెట్ల వరస, వంటగది వెలుగు. రెక్కలకు ముందు భాగంలో ఇంజిన్ హోరు కొంత తక్కువ.

అయిదడుగుల ఎత్తున్న ఆడవాళ్లకు సీటు చేసే హాని ఎవరూ పెద్దగా చెప్పరు. సీటు ఎత్తు వారికి ఎక్కువ, పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. సీటు అంచు తొడల వెనక నొక్కుకుని రక్తం తిరిగి పైకి రావడం మందగిస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కి తెలివి వస్తుంది. చేతి సంచిని పాదాల కింద పెట్టుకుని మోకాళ్లు తుంటి ఎత్తుకు వచ్చేలా చూసుకుంటే సగం బాధ పోతుంది. విమానంలో ఇచ్చే దుప్పటిని రెండు మూడు అంగుళాల మందాన చుట్టి నడుము ఒంపులో పెట్టుకోవాలి, లేకుంటే నిద్రలో తుంటి ముందుకు జారి నడుము పట్టేస్తుంది. కప్పుకోవడానికి ఇంటి శాలువా ఉండనే ఉంటుంది. బెల్టు ఎప్పుడూ దుప్పటి పైనుంచే పెట్టుకోవాలి. కుదుపులు వచ్చినప్పుడు సిబ్బంది బెల్టు కనిపించనివారినే లేపుతారు.

దిండు, చెవి బిళ్లలు: తప్పు ఎక్కడ

నిద్ర పట్టగానే మెడ కండరాలు వదులవుతాయి, తల ముందుకో పక్కకో వాలిపోతుంది. మెడ దిండు పని ఆ వాలడాన్ని ఆపడం, తలను పైకెత్తడం కాదు. గుర్రపు నాడా ఆకారపు దిండును మెడ వెనక మందంగా పెట్టుకుంటే అది తలను ఇంకా ముందుకు తోస్తుంది. తిప్పి, మందపు భాగం గడ్డం కిందికి వచ్చేలా పెట్టుకుంటే తల నిలుస్తుంది. చాలా సీట్లకు తల ఆన్చే భాగంలో రెండు రెక్కలుంటాయి, వాటిని ముందుకు వంచితే చెంపకు ఆసరా. గాలి నింపే దిండును నేల మీద గట్టిగా నింపితే పైకి పోయాక ఉబ్బి రాయిలా అవుతుంది. మూడొంతులకు మించి నింపకూడదు.

విమానంలో హోరు 75 నుంచి 85 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మెత్తటి స్పాంజి చెవి బిళ్లలను వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిలో దూర్చి, అవి తిరిగి ఉబ్బేవరకు అర నిమిషం వేలితో పట్టుకోవాలి. ఊరికే నెట్టి వదిలేస్తే బయటికి జారిపోతాయి, బిళ్లలు పనిచేయవన్న ఫిర్యాదు అక్కడి నుంచే. విమానం దిగడం మొదలుపెట్టేటప్పుడు బిళ్లలు తీసేసి మేలుకుని ఉండటం అవసరం. నిద్రలో మింగడం తగ్గుతుంది, మింగకపోతే చెవి లోపలి ఒత్తిడి సర్దుకోక పోటు పెడుతుంది. జలుబున్నవారికి ఇది మరీ ఎక్కువ.

లోపలి గాలి చేసే పని

విమానం 35 వేల అడుగుల పైన ఎగిరినా లోపల గాలి ఒత్తిడిని 8,000 అడుగుల ఎత్తుకు మించకుండా ఉంచుతారు. ఊటీ కన్నా కాస్త ఎత్తు అనుకోవచ్చు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ 350 వంటి కొత్త విమానాల్లో ఇది 6,000 అడుగుల దగ్గరే ఉంటుంది. ఈ ఎత్తులో ఆరోగ్యవంతుల రక్తంలో కూడా ఆక్సిజన్ 97, 98 నుంచి 90, 93 శాతానికి తగ్గుతుంది. కరోనా రోజుల్లో వేలికి ఆక్సిమీటర్ పెట్టుకుని భయపడిన అంకెలివి, విమానంలో మామూలే. గుండె, ఊపిరితిత్తుల జబ్బున్నవారు మాత్రం ముందుగా డాక్టరుతో మాట్లాడి ఎక్కాలి.

ఒత్తిడి తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది. 8,000 అడుగుల దగ్గర కడుపులోని గాలి దాదాపు మూడో వంతు ఎక్కువ చోటు తీసుకుంటుంది. బయల్దేరే ముందు శనగలు, పచ్చి ఉల్లి, పప్పు దండిగా తిని, పైన సోడానో కూల్‌డ్రింకో తాగితే కడుపుబ్బరంతో నిద్ర పోతుంది. దారిలో తినడానికి కట్టిచ్చే సకినాల తీరు వేరు: గాలి చేయవు, కానీ ఉప్పుతో దాహం పెంచుతాయి. లోపలి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం లోపే, వేడి లేని వడగాలి లాంటిది. గొంతు, ముక్కు ఎండి మెలకువ వస్తుంది. ఒక్కసారే లీటరు తాగితే టాయిలెట్ కోసం లేవాలి. గంటకో గ్లాసు మేలు. 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు తనిఖీ దాటనివ్వరు కాబట్టి ఖాళీ సీసా తీసుకెళ్లి లోపల నింపుకోవాలి.

పెగ్గు, మాత్ర

మద్యం నిద్ర త్వరగా పట్టిస్తుంది, రెండో సగాన్ని చెడగొడుతుంది. విమానంలో దీనికి తోడు ఆక్సిజన్ కొరత. 2024లో జర్మనీ పరిశోధకులు 18 నుంచి 40 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు 48 మందిని పరీక్షించినప్పుడు, మద్యం తాగి విమానంలోని ఒత్తిడికి సమానమైన గాలిలో పడుకున్నవారి ఆక్సిజన్ 85 శాతం దగ్గరికి పడిపోయింది, గుండె నిమిషానికి 88 సార్లు కొట్టుకుంది. అదీ మంచం మీద పడుకుని. టీ, కాఫీల సంగతి: కెఫీన్ సగం కరగడానికే ఐదు గంటలు పడుతుంది. పై లెక్కలో పడుకోవాల్సింది ఉదయం పదింటికి కాబట్టి, మధ్యలో ఆగినచోట తాగే టీయే నిద్రకు శత్రువు.

నిద్ర మాత్రలను డాక్టరు రాయకుండా విమానంలో మొదటిసారి వాడటం ప్రమాదం. కదలకుండా ఒకే భంగిమలో గంటల తరబడి పడి ఉండటం వల్ల కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. మగత తెచ్చే పాత రకం జలుబు, దురద మాత్రలు కూడా పెద్దలకు మంచివి కావు. అయోమయం, మూత్రం బిగపట్టడం వంటివి వస్తాయి. మెలటోనిన్ నిద్ర మత్తు మందు కాదు, గడియారాన్ని జరిపే మందు. చేరిన ఊళ్లో పడుకునే వేళకు వేసుకుంటేనే దానికి అర్థం. బీపీ, షుగర్ మందుల వేళలు ప్రయాణానికి ముందే డాక్టరుతో రాయించుకోవాలి. పడమరకు వెళ్లేటప్పుడు రోజు పదిన్నర గంటలు సాగుతుంది కాబట్టి ఇన్సులిన్ మోతాదు లెక్క మారుతుంది. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి.

గల్ఫ్ వెళ్లేవారికి ఇందులో చట్టం కూడా ఉంది. ఆందోళన, నిద్రలేమికి వాడే అల్ప్రాజోలం, నొప్పి మాత్ర ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్ వంటివి యూఏఈలో నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ లేకుండా సంచిలో దొరికితే కేసు అవుతుంది. మన వంటింటి గసగసాలు కూడా అక్కడ నిషిద్ధమే.

కాళ్ల వాపు, గడ్డకట్టడం

కూర్చున్నంతసేపు పిక్క కండరాలు పనిచేయవు, రక్తాన్ని పైకి తోసే పంపు అవే. చెప్పులు బిగుతయ్యేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో గడ్డకట్టే ముప్పు ఇంచుమించు రెట్టింపవుతుంది. అయినా మొత్తం మీద అది ఆరు వేల మందిలో ఒకరికి. అందరూ భయపడాల్సిన పని లేదు. ఈమధ్యే ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, ఇదివరకు గడ్డ వచ్చినవారు డాక్టరు చెప్పిన కొలతకు ఒత్తిడి మేజోళ్లు వేసుకోవాలి. మిగతావారు మెలకువ వచ్చినప్పుడల్లా మడమలు నేలకు ఆన్చి వేళ్లు లేపడం, వేళ్లు ఆన్చి మడమలు లేపడం ఇరవైసార్లు చేస్తే చాలు. మామూలు నూలు సాక్సులు వేసుకుంటే పాదాలు వెచ్చబడి నిద్ర కూడా త్వరగా పడుతుంది. వాటితోనే టాయిలెట్‌కు వెళ్లకూడదు, అక్కడి తడి నీళ్లు కాకపోవచ్చు.

తిరుగు ప్రయాణం

అమెరికా నుంచి వచ్చేటప్పుడు విమానం సాయంత్రమో రాత్రో లేస్తే మొదటి సగం అక్కడి రాత్రే, అలవాటైన వేళకు నిద్ర సులువుగా పడుతుంది. చిక్కు రెండో విమానంలో. శంషాబాద్‌లో తెల్లవారుజాము మూడింటికి దిగినవారి శరీరంలో అప్పటికి డల్లాస్ సాయంత్రం నాలుగున్నర. కళ్లలో నిద్ర ఉండదు, ఇంటికి చేరాక పొద్దున ఎనిమిదింటికి ముంచుకొస్తుంది. అప్పుడు మూడు గంటలకు మించి పడుకోకుండా లేచి, పగలంతా వెలుతురులో తిరిగితే ఆ రాత్రి కొంతైనా పడుతుంది. శరీరం రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది, పూర్తిగా కుదురుకోవడానికి వారం పైనే.

ఆ రాత్రి అసలు నిద్ర లేనిది తీసుకురావడానికి వచ్చినవారికి. సాయంత్రం దాకా పని చేసి, పదకొండింటికి వరంగల్‌లో బయల్దేరి, విమానాశ్రయం బయట నిలబడి, నాలుగింటికి మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటారు. రెండు నుంచి ఐదు మధ్య శరీర గడియారం అట్టడుగున ఉంటుంది, రోడ్డు మీద రెప్ప పడే వేళ అది. దిగినవారు మెలకువగా ముచ్చట్లు పెడుతున్నారు కదా అని నడిపేవారు కూడా మేలుకున్నట్టు కాదు. పగలు పడుకున్న డ్రైవరును మాట్లాడుకోవడం, లేదంటే తెల్లారేదాకా విమానాశ్రయంలోనే టీ తాగుతూ ఆగి ఆరు దాటాక బయల్దేరడం మేలు.